దంతప్రతిష్ఠా సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: ఊడిన పంటికి నొప్పి లేకుండా ఒక్కరోజులో శాశ్వత ఇంప్లాంట్.

అవతారిక: అరకు, పాడేరు వైపు నుంచి పంటి బాధతో ఘాట్ దిగినవారికి పట్నం గోడల మీద ఎదురయ్యే ప్రకటనల సారమంతా ఈ ఒక్క వాక్యం. దీనికి కర్త లేడు, క్రియ లేదు. ధర ఉంటే అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. మూలాన్ని దాటి ఒక్క మాట రాయకూడదని మల్లినాథసూరి తనకు తాను కట్టడి పెట్టుకున్నాడు. కాళిదాసుకు టీక రాసేవాడికి ఆ కట్టడి చెల్లింది గానీ బోర్డుకు టీక రాసేవాడికి చెల్లదు. ఇక్కడ రోగికి కావలసిందంతా మూలకర్త వదిలేసిన చోటనే ఉంది. ఇంప్లాంట్ వేయించుకునేవారు ఒక పంటికి డబ్బు కట్టడంతో పాటు ఏళ్ల తరబడి సాగే రాకపోకలకు కూడా ఒప్పుకుంటున్నారు. కాబట్టి కొండ మీది రోగి ధర కన్నా ముందు ఆ రాకపోకల లెక్క తేల్చుకోవాలన్నదే ఈ వ్యాఖ్య సాధించదలచిన అర్థం.

ప్రతిపదార్థం: ‘ఇంప్లాంట్’ అనగా దవడ ఎముకలో బిగించే టైటానియం మర. సుమారు 4 మిల్లీమీటర్ల మందం, 10 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. దాని మీద ఒక చిన్న కాడ, కాడ మీద క్యాపు. మూడూ కలిస్తేనే పన్ను. బోర్డు చెప్పిన ధర మొదటిదానికే కావచ్చు గనుక ‘క్యాపుతో కలిపేనా?’ అని అడగడం మర్యాదకు భంగం కాదు. ‘ఊడిన పంటికి’ అన్నచోట ఎప్పుడు ఊడిందన్న శంక పుడుతుంది. పన్ను పోయిన చోట ఎముక కరుగుతుంది. మొదటి ఏడాదిలోనే దాని వెడల్పు సగం దాకా తగ్గిపోవచ్చు. ఎప్పుడో పీకించుకుని వదిలేసినవారికి ముందు ఎముకను పెంచే వైద్యం చేయాల్సి రావచ్చు. దాని ఖర్చు వేరు, అది కుదురుకునే నెలలు వేరు. స్కాన్ చూడకముందే మొత్తం ధర చెప్పేవారు జ్యోతిషం చెబుతున్నారని గ్రహించాలి. ‘నొప్పి లేకుండా’ అనగా మత్తు సూది పనిచేస్తున్నంతసేపు అని అన్వయం. తరువాతి రెండు మూడు రోజుల వాపు, మాత్రలు, గంజి, అంబలి అధ్యాహార్యాలు.

‘ఒక్కరోజులో’ అన్నది ఈ సూత్రానికి ఆయువుపట్టు. స్వీడన్ వైద్యుడు పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1952లో కుందేలు ఎముకలో అమర్చిన టైటానియం పరికరం తిరిగి ఊడి రాకపోవడం గమనించాడు. ఎముక ఆ లోహాన్ని తనలో కలిపేసుకుంది. ఇంప్లాంట్ విద్యకంతటికీ అదే పునాది. అలా కలవడానికి కింది దవడలో దాదాపు మూడు నెలలు, ఎముక మెత్తగా ఉండే పై దవడలో ఆరు నెలల దాకా పడుతుంది. ఎముక గట్టిగా ఉండి, మర మొదటిరోజే బాగా బిగిస్తే ఆనాడే పన్ను తొడగడం అబద్ధమేమీ కాదు. కానీ సాధారణంగా అది తాత్కాలికపు పన్ను. నవ్వడానికి పనికొస్తుంది, నమలడానికి కాదు. ఇక ప్రయాణాలు చూడండి: పరీక్షకు, స్కాన్‌కు ఒకసారి, మర బిగించడానికి ఒకసారి, వారం పదిరోజులకు కుట్లు విప్పడానికి ఒకసారి, నెలల తర్వాత కొలత ఇవ్వడానికి, క్యాపు తొడిగించుకోవడానికి మరో రెండుసార్లు. అరకు నుంచి విశాఖ సుమారు 115 కిలోమీటర్లు. పాసింజరు రైలు పొద్దున్నే విశాఖలో బయల్దేరి కొండెక్కుతుంది, సాయంత్రం దిగుతుంది. చూడవచ్చినవారికి అది అనుకూలం, చూపించుకోబోయేవారికి రాత్రి బస ఖర్చు. నవంబరు నుంచి కాఫీ పళ్లు కోసే కుటుంబానికి ఒక్కో ప్రయాణమూ ఒక్కో కూలి రోజు. ఇవన్నీ కలుపుకుంటే ‘ఒక్కరోజు’ అన్నది వైద్యుడి రోజే గాని రోగి రోజు కాదని తేలుతుంది.

‘శాశ్వత’ పదం మీద వివాదం ఎక్కువ. లోహానికి పుచ్చు పట్టదు, నిజమే. కానీ సొంత పంటికీ ఎముకకూ మధ్య ఉండే పలచని నారపొర మరకు ఉండదు. గార పేరుకుని చిగురు చెడితే ఎముక నొప్పి లేకుండానే కరిగిపోతూ ఉంటుంది. కదలిక తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. వేపపుల్ల, కానుగపుల్ల పంటి పైభాగాన్ని బాగానే తోముతాయి. మర మెడ చుట్టూ చేరే గారకు మాత్రం సందుల్లోకి దూరే సన్న బ్రష్, ఏటా వైద్యుడి చూపు కావాలి. పొగతాగేవారిలో మర నిలవకపోయే ప్రమాదం సుమారు రెట్టింపు. మన ఉత్తరాంధ్రలో, ముఖ్యంగా ఆడవారిలో, చుట్ట కాలే కొసను నోట్లో పెట్టుకునే అడ్డపొగ అలవాటు ఉంది. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనం అడ్డపొగకూ అంగిలి జబ్బులకూ ఉన్న లంకెను బయటపెట్టింది. అడ్డపొగ తాగేవారికి పంటి కన్నా ముందు అంగిలి చూడాలి. అక్కడ మానని పుండు, తెల్లమచ్చ ఉంటే ఇంప్లాంట్ మాట తర్వాత. అదుపులో లేని షుగరునూ, ఎముకల బలానికి వాడే మందులనూ వైద్యుడికి దాచకుండా చెప్పాలి.

పూర్వపక్షం: 1965లో బ్రోనెమార్క్ తొలిసారి ఇంప్లాంట్లు వేసిన గోస్టా లార్సన్ 2006లో చనిపోయేదాకా వాటితోనే తిన్నాడు కదా, అది శాశ్వతం కాదా? సమాధానం: ఒక్క దవడ ప్రమాణం కాదు. అయినా పదేళ్లపాటు గమనించిన అధ్యయనాల్లో నూటికి తొంభైకి పైగా మరలు నిలిచిన మాట వాస్తవమే. అయితే ఆ లెక్కల్లోకి ఎక్కినవారు మళ్లీ మళ్లీ వచ్చి చూపించుకున్నవారు. రాలేనివారికి ఆ శాతం పూచీ పడదు. మరో పూర్వపక్షం: అలాగైతే కొండవాళ్లకు కట్టుడు పళ్లే గతి అంటున్నారా? కాదు. పక్కపళ్లు గట్టిగా ఉండి మధ్యలో ఒకటే పోయిన ఆరోగ్యవంతులకు, పక్కపళ్లు అరగదీసే బ్రిడ్జి కన్నా ఇంప్లాంటే మేలు కావచ్చు. వయసు దానంతటదే అడ్డు కాదు. దూరం కూడా వద్దనడానికి కారణం కాదు, ముందుగా లెక్కపెట్టుకోవడానికి కారణం. రాకపోకలు కుదరవని తేలితే తీసిపెట్టుకునే పళ్లసెట్టు తక్కువ వైద్యమేమీ కాదు.

తాత్పర్యం: ‘ఎంత?’ అనే ప్రశ్నకు ముందు మూడు అడగాలి. మొత్తం ఎన్నిసార్లు రావాలి? మర వదులైతే ఎవరు చూస్తారు, ఎవరి ఖర్చు? మర పెట్టె మీది చీటీ ఇస్తారా? కంపెనీ పేరు, కొలత, బ్యాచ్ నంబరు ఉండే ఆ చీటీ లేకపోతే రేపు మరో ఊరి వైద్యుడి దగ్గర సరిపోయే కాడ గానీ, పనిముట్టు గానీ దొరకడం కష్టం. మూడింటికీ కాగితం మీద జవాబిచ్చినచోట వేయించుకోవచ్చు. ఇవ్వనిచోట బోర్డు చదివి బస్సెక్కడం ఉత్తమం.

ఫలశ్రుతి: ఈ టీక చదివి, పిప్పి పన్నును పీకించుకోకముందే చూపించుకుని, చుట్ట మానినవారిలో చాలామందికి పై సూత్రంతో పనే పడదు.