మర్నాడు హల్‌లో

1969 చివరికి అమెరికా పర్యటన ముగించుకుని వచ్చిన ‘ది హూ’ రాక్ బృందం దగ్గర టేపులు గుట్టగా పోగయ్యాయి. సౌండ్ ఇంజనీరు బాబ్ ప్రిడెన్ ఊరూరా కచేరీలు రికార్డు చేసుకుంటూ వచ్చాడు. వాటిలోంచి ఒక లైవ్ ఆల్బమ్ తీయాలని అనుకున్నారు. ఏ రాత్రిది బాగుందని గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ అడిగితే ప్రిడెన్ తేల్చి చెప్పలేకపోయాడు. అన్నీ బాగానే ఉన్నాయి మరి! గంటల తరబడి సాగే ఆ టేపులన్నీ కూర్చుని వినే ఓపిక టౌన్‌షెండ్‌కి లేదు. తగలబెట్టెయ్యమన్నాడు.

టేపులు పోయాయి గానీ ఆల్బమ్ అవసరం పోలేదు. ‘టామీ’ అనే రాక్ ఒపెరాతో ఆ ఏడాదే వాళ్ళకు గొప్ప పేరొచ్చింది. అయితే స్టూడియోలో నెమ్మదిగా, నాజూకుగా అల్లిన ఆ సంగీతం వేరు, వేదికెక్కితే ఆ నలుగురూ పుట్టించే తుఫాను వేరు. ఆ రెండోది రికార్డు మీదికి ఎక్కాలి. అందుకోసం ఉత్తర ఇంగ్లాండులో వరసగా రెండు రాత్రులు కుదుర్చుకున్నారు. 1970 ఫిబ్రవరి 14, శనివారం, లీడ్స్ విశ్వవిద్యాలయం. మర్నాడు ఆదివారం, హల్ నగరంలోని సిటీ హాల్. రెండూ ఒకే యార్క్‌షైర్ ప్రాంతంలో, వంద కిలోమీటర్ల లోపు దూరంలో ఉన్న ఊళ్ళు. ఎనిమిది ట్రాకుల రికార్డింగ్ యంత్రం తెచ్చి రెండు చోట్లా పెట్టారు. పాటల వరస కూడా ఇంచుమించు ఒకటే. ఏది బాగా వస్తే దాన్ని వేద్దామని.

తీరా చూస్తే ఎంచుకునే పనే లేకపోయింది. హల్ టేపులో బేస్ గిటార్ పడలేదన్నారు. దాంతో లీడ్స్ ఖాయమైంది.

‘లైవ్ ఎట్ లీడ్స్’ 1970 మే నెలలో వచ్చింది. అట్ట చూస్తే దొంగచాటుగా అచ్చేసిన సరుకులా ఉంటుంది. గోధుమరంగు కాగితం ఫోల్డరు, దానిమీద రబ్బరు స్టాంపు గుద్దినట్టు పేరు, అంతే. లోపల మాత్రం బృందం పాత కాగితాల నకళ్ళు కట్టగా పెట్టారు. వుడ్‌స్టాక్ ఉత్సవానికి రాసుకున్న ఒప్పందం వాటిలో ఒకటి. రికార్డు మీది లేబుల్ చేత్తో రాసినది. చిటపట శబ్దాలు ఉంటే ఉండనీ, సరిచేయొద్దని కూడా అక్కడే రాశారు. తర్వాతి కాలంలో సీడీలు చేసినప్పుడు ఆ చిటపటల్ని చాలావరకు తుడిచేశారు. నాకు మాత్రం అవి ఉన్న పాత ఎల్.పి.యే ప్రాణం.

మొదటి అచ్చులో ఉన్నవి 6 పాటలే. అందులో 3 వాళ్ళవి కూడా కావు. అయినా యాభై ఏళ్ళు దాటాక కూడా గొప్ప రాక్ కచేరీ రికార్డులను తలుచుకునేటప్పుడు ఈ పేరు లేకుండా మాట సాగదు. ఎందుకో విన్నవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. విననివాళ్ళ కోసం ఒక్క మాట చెబుతాను. ఇందులో ప్రధాన వాయిద్యాలు మూడే. ఒక గిటార్, ఒక బేస్, డ్రమ్స్. పైన రోజర్ డాల్ట్రీ గొంతు. ఆ మూడింటిలో తాళం పట్టుకుని వెనక నిలబడే బాధ్యత ఎవరూ తీసుకోరు. మన కచేరీలో మృదంగ విద్వాంసుడు తని ఆవర్తనం వచ్చేదాకా ఆగుతాడు. డ్రమ్మర్ కీత్ మూన్‌కి పాట మొదలైన క్షణం నుంచీ తని ఆవర్తనమే! టౌన్‌షెండ్ గిటార్ మీద పెద్ద పెద్ద తీగల దెబ్బలు కొట్టి వదిలేస్తాడు. ఆ దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీలో పాటను నడిపించేది జాన్ ఎంట్విసిల్ బేస్.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. బేస్ ఒక చెవికి, గిటార్ మరో చెవికి వచ్చేలా విడదీసి పెట్టారు. గిటార్ వైపు తీసేసి ‘మై జనరేషన్’ వినండి. 1965లో మూడు నిమిషాల చిల్లరలో ముగిసిన పాట ఇక్కడ పదిహేను నిమిషాల దాకా సాగుతుంది. మధ్యలో టామీ ముక్కలు వచ్చి పోతాయి. టౌన్‌షెండ్ ఎటు తిరిగితే అటు పాట తిరుగుతుంది, ఎక్కడ ఆగుతాడో ముందుగా ఎవరికీ తెలియదు. ఆ అయోమయంలో ఎంట్విసిల్ వేళ్ళు ఒక్కసారి కూడా తడబడవు. పైగా సన్నటి తీగల మీద చకచకా పైకి పాకి, గిటార్ చెయ్యాల్సిన పని కూడా తనే చేసి వస్తాడు. వేదిక మీద కదలకుండా బొమ్మలా నిలబడే మనిషి. మిగతా ముగ్గురూ గెంతుతుంటే జనం చూపు ఆయన మీద నిలిచేది కాదు. చెవులకు మాత్రం ఆయనే దిక్కు. ఈ రికార్డు ఇంతకాలం నిలవడంలో సగం వాటా ఆ వేళ్ళదేనని నా గట్టి నమ్మకం. బేస్ పడని టేపును పక్కన పెట్టారంటే అందులో తప్పుపట్టేదేమీ లేదు.

అలా లీడ్స్ చరిత్రకెక్కింది. కచేరీ జరిగింది విద్యార్థులు రోజూ అన్నం తినే హాల్లో. దాని గోడకు 2006లో గుర్తుగా నీలం ఫలకం బిగించారు. ఆ ఏడాదే డాల్ట్రీ, టౌన్‌షెండ్ మళ్ళీ అక్కడికి వెళ్ళి కచేరీ చేశారు. మూన్ 1978లోనే పోయాడు. ఎంట్విసిల్ 2002లో, అమెరికా పర్యటన మొదలయ్యే ముందురోజు, లాస్ వేగాస్ హోటల్ గదిలో చనిపోయాడు. ఆల్బమ్ మాత్రం పెరుగుతూనే వచ్చింది. 1995లో పాటలు కలిపారు. 2001లో ఆ రాత్రి పాడిన టామీ మొత్తం చేర్చారు.

హల్ టేపులు పెట్టెల్లోనే ఉన్నాయి.

40 ఏళ్ళ పండగకి వాటిని బయటికి తీశారు. అప్పుడు బయటపడిన సంగతి ఇది: బేస్ లేనిది మొదటి కొన్ని పాటల్లోనే. ఆ తర్వాత కచేరీ అంతా, ఎంట్విసిల్ వాయించింది వాయించినట్టు, టేపులో భద్రంగా ఉంది.

2010లో హల్ కచేరీ లోకానికి అందింది. సొంత పేరుతో కాదు. ‘లైవ్ ఎట్ లీడ్స్’ అని రాసిన పెద్ద పెట్టెలో ఒక భాగంగా. ‘లైవ్ ఎట్ హల్’ అనే పేరు అట్ట మీదికి రావడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది.

మరి బేస్ పడని ఆ మొదటి పాటల సంగతి? మళ్ళీ వాయించడానికి మనిషి లేడు. అందుకని లీడ్స్ టేపులోంచి ఆయన బేస్‌ను విడిగా తీసి, హల్ పాటలకు సరిపోయేలా సర్ది అతికారు. రెండు రాత్రులూ కచేరీ మొదలైంది ‘హెవెన్ అండ్ హెల్’తో. అది ఎంట్విసిల్ రాసి, తనే పాడే పాట. ఇప్పుడు హల్ రికార్డు పెట్టగానే వినిపించేది అదే. గొంతు హల్‌ది, వేళ్ళు లీడ్స్‌వి.