దువ్వెన సూత్రానికి నాదెండ్ల టీక

మూలం: దువ్వెన దువ్వెను, దూది లేచెను, లెక్క తప్పదు, ముక్క తెగదు.

అవతారిక: రాయలు 1515లో కొండవీడు గెలిచాక ఆ దుర్గాన్ని ఏలిన నాదెండ్ల గోపమంత్రి, ప్రబోధచంద్రోదయ నాటకానికి ‘చంద్రిక’ అనే వ్యాఖ్య రాశాడు. ఆయన ఇంటిపేరుగల ఊళ్లో దువ్వెన ఒక్కటీ టీక లేకుండా ఉండటం న్యాయం కాదని ఈ పూనిక.

ప్రతిపదార్థం: దువ్వెన = సంతలో కొన్న ప్లాస్టిక్ దువ్వెన; దువ్వెను = పొడి జుట్టుమీద నడిచెను (నూనె తలకు ఈ సూత్రం వర్తించదు); దూది = పల్నాటి పత్తిచేలో రాలిన పింజ; లేచెను = ఎగిరి దువ్వెనకు అంటుకొనెను; లెక్క తప్పదు = దువ్వెనకు ఎన్ని ఎలక్ట్రాన్లు చేరెనో జుట్టుకు అన్నే తగ్గెను; ముక్క తెగదు = అర ఎలక్ట్రాన్ మారదు.

తాత్పర్యం: విద్యుదావేశం 1.602176634 × 10⁻¹⁹ కూలుంబులకు పూర్ణాంక గుణిజంగానే దొరుకుతుంది. 2019 మే 20 నుంచి ఈ అంకె కొలతకు లోబడినది కాదు, నిర్వచనమే.

శంక: మరి ఆవేశం ధారగా పెరిగినట్టే ఉంటుందేం?

సమాధానం: నానోకూలుంబు ఆవేశానికే 624 కోట్ల ఎలక్ట్రాన్లు కావాలి. మిరప కల్లంలో బస్తా తూచేవాడు కాయలు లెక్కపెడతాడా? లెక్కపెట్టినవాడు చికాగో భౌతికశాస్త్రవేత్త మిలికన్. 1909 నుంచి నూనెతుంపరలను విద్యుత్ క్షేత్రంలో తేలగట్టి చూస్తే, ప్రతి తుంపర మీదా ఒకే మొత్తానికి గుణిజాలు తేలాయి. 1923లో నోబెల్ వచ్చింది. నాదెండ్లలో సూత్రాన్ని చెడగొట్టే నూనే చికాగోలో దాన్ని నిలబెట్టిందని విశేషం.

ఆక్షేపం: క్వార్కులకు మూడోవంతు ఆవేశం లేదా?

పరిహారం: ఉంది. అయితే అవి ఒంటరిగా బయటపడవు; ప్రోటానులోని మూడూ కలిసి సరిగ్గా ఒకటి అవుతాయి. పైగా మూడోవంతు కూడా ముక్కే, ధార కాదు.

హేతువిచారం: ముక్కలే ఎందుకు? విశ్వంలో ఎక్కడైనా ఒంటి అయస్కాంత ధ్రువం ఒక్కటున్నా చాలు, ఆవేశం ముక్కలుగా ఉండక తప్పదని 1931లో డిరాక్ గణించాడు. ఆ ధ్రువం ఇంతవరకు చిక్కలేదు. 1974లో జార్జై, గ్లాషోలు ఎలక్ట్రాన్‌నూ క్వార్కులనూ ఒకే కుటుంబంలో చేర్చారు. ఆ కుటుంబంలో ఆవేశాల మొత్తం సున్నా కావాలి కనుక మూడోవంతు లెక్క దానంతటదే కుదురుతుంది. అయితే ఆ సిద్ధాంతం చెప్పిన ప్రోటాన్ క్షయమూ కనబడలేదు.

ఫలితార్థం: లెక్క సిద్ధాంతమైంది, కారణం ఇంకా వాదంలోనే ఉంది. కొరుకుడుపడని చోట ‘స్పష్టం’ అని రాసి దాటిపోవడం టీకాకారుల ఆచారం. ఇక్కడ అది చెల్లదు.