ముందు చక్రాలు సాల్తలేవట!

కారుకు ఎనుక చక్రాలు గూడ తిరుగుతయని తెగ సంబురపడుతున్నవట గద బిడ్డా. 2020ల వచ్చిన బెంజి ఎస్ క్లాసు సంగతి నేనూ ఇన్న. ఐదు మీటర్ల మీద పొడుగు. గంటకు 60 కిలోమీటర్ల లోపు పోతుంటె, ముందటియి కుడికి మలిగితె ఎనుకటియి ఎడమకు మలుగుతయి, బండి తక్కువ జాగల తిరుగుతది. స్పీడందుకున్నంక రెండు జతలు ఒక్క దిక్కే వంగుతయి, లేను మారినా ఊగది. ఎనుక చక్రం 10 డిగ్రీల దాక తిరిగేదైతె, మలిగే జాగ రెండు మీటర్ల దాక తగ్గుతదట. అంత కంప్యూటరే జూసుకుంటది. మరి డ్రైవరేం జేస్తడు? ఏసీల కూసుంటడు.

అసలు గంత పొడుగు ఎవడు జెయ్యమన్నడు? ముందుగాల గల్లీల పట్టకుండ కారు జేసుడు, మళ్ల పట్టేతందుకు ఇంకో మిషను వెట్టుడు. మా రోజుల్ల గోదావరిఖని చౌరస్తాల అంబాసిడర్ మలపాలంటె రెండు చేతులు, రెండు భుజాలు, పొద్దున తిన్న జొన్నరొట్టె అన్నీ పనిజెయ్యాలె. పక్క సీట్ల కూసున్నోడు గూడ ఊపిరి బిగవట్టేటోడు.

ఇగ నేను బొగ్గు ఓపెన్‌కాస్టుల నడిపిన డంపర్ ముచ్చట. 35 టన్నులది. ముందు రెండు టైర్లు, ఎనుక నాలుగు. మలిగేటియి ముందటియి రెండే. షావెల్ కిందికి రివర్సు పోవాలె. కండ్లు అద్దంల, చెవులు షావెల్ ఆపరేటర్ హారన్ మీద. కూత ఇనవడ్డదా, బ్రేకు. మట్టి పోసే కాడైతె అంచుకు కట్ట పోసి ఉంటది, దాని దాక పోయి ఆగాలె, దాటితె అంతే సంగతి. నైట్ షిఫ్టు, పైన వాన. మా సీనియర్ ఒకాయన అద్దం జూడకుండనే పెట్టేటోడు, మెడ మీద మూడో కన్నున్నదనేటోళ్లం. మనిషి మంచోడు గని బీడీ అడిగితె ఇయ్యకపోయేటోడు, జేబుల కట్ట కనవడుతుంటది, లేదనేటోడు... ఏం జెప్తున్న? ఆఁ, ఎనుక చక్రాలు.

నువ్వంటవు, "తాతా, బాయిల బొగ్గు ఎత్తే ఎల్‌హెచ్‌డీ మిషను నడుముకాడికి వంగుతది గద, గ్రేడరూ వంగుతది గద" అని. వంగాలె మరి, గ్యాలరీల మలుపు తిరగాలంటె ఏంజేస్తది? అది పని. "మరి వరికోత మిషనో?" అంటవు. గీడ నా నోరు మూతవడ్డది. పెద్దపల్లి దిక్కు మా తమ్ముని పొలంల కోసే హార్వెస్టర్‌కు ముందు చక్రాలు మలగనే మలగయి, ఎనుకటియే మలుగుతయి. ఒడ్డు కాడ దున్నపోతు లెక్క ఎనుక భాగం ఇసిరి తిరుగుతది. స్టోర్స్‌ల ఫోర్క్‌లిఫ్టు గూడ గంతే. వాటిని ఇన్నేండ్లు మెచ్చుకున్నది నేనే. పైగ జర్మనోళ్లు 1930లల్లనే మిలటరీ బండికి నాలుగు చక్రాలు మలిగేటట్టు జేసిండ్రు, హోండా వాళ్లు 1987ల ప్రెలూడ్ కారుకు పెట్టిండ్రు. అంటె నీ కొత్త టెక్నాలజీ నాకన్న పెద్దది. పాతదైతె మంచిదనాలె గద నేను? అయినా అనను.

నా బాధ వేరే ఉన్నది. గల్లీల కారు రివర్సు వెడితె అరుగుల మీద కూసున్నోళ్లంత లేచొచ్చేటోళ్లు. "రానీ రానీ, కట్ కొట్టు, ఆఁ, బస్!" ఒకడు కుడి అంటె ఇంకోడు ఎడమ అనేటోడు. సొట్ట వడ్తె వడేది గని, కారోడు ఎవలింటి సుట్టమో బజారంతకు తెలిసేది. గిప్పుడు కెమెరా జూపిస్తది, చక్రాలే సర్దుకుంటయి, కారోడు అద్దం గూడ దించడు.

ఈ దసరాకు బొగ్గు కంపెనీ లాభాల వాటా రాంగనే మా కొడుకు చిన్న కారు కొంటడట. ముందు చక్రాలే మలిగేదిలే, మాకు బెంజి యాడిది! కొనుక్కో గని, రివర్సు నేను జెప్తెనే పెట్టాలె, ఆ కెమెరా మీద ఒక గుడ్డ కప్పుమన్న.