మూలాలరావు గారు

మూలాలరావన్నది ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, మా అపార్ట్‌మెంట్ వాళ్లం పెట్టింది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులోనే మొదలైంది గానీ, దాన్ని కాపాడే పూచీ మాత్రం ఆయన రిటైరైన మర్నాటి నుంచి ఆయన నెత్తిన పడింది. జీతం లేదు, టీ ఖర్చులు కూడా లేవు. అయినా పొద్దున్నే "ఇటీవలి మార్పులు" పేజీ తెరవనిదే పళ్లు తోముకోరు. రాత్రి ఎవరెవరు ఏయే వ్యాసంలో వేలు పెట్టారో చూసుకుని, ఓ నలుగురి రాతలు వెనక్కి తిప్పి, అప్పుడు కాఫీ అడుగుతారు.

ఆయనకు పొగడ్త అంటే ఒళ్లుమంట. అభిమాని ఎవడో తెల్లవారుజామున తన హీరో పేజీలో "కోట్లాది ప్రజల గుండెల్లో కొలువైన" అని రాసి పడుకుంటే, ఏడింటికల్లా అక్కడ గుండెలూ ఉండవు, కొలువూ ఉండదు. అంతకంటే మంట "గారు" అంటే. తెలుగు వికీలో మనుషుల గురించి ఏకవచనంలోనే రాయాలన్నది పద్ధతి. "జన్మించారు"ను "జన్మించాడు" చేసి చేసి ఆయన చేతికి అదే అలవాటైపోయింది. ఆమధ్య వాళ్ల పెద్దనాన్న పోతే, పేపర్లో వేయించే ప్రకటనలో అచ్చుతప్పులు చూడమని ఈయన చేతికిచ్చారు. "శ్రీ" కొట్టేశారు. "గారు" కొట్టేశారు. "స్వర్గస్థులైనారు" దగ్గర ఆగి, పక్కన ఎర్ర సిరాతో "ఆధారం చూపాలి" అని రాసి పంపించారు. వాళ్ల పెద్దమ్మ ఇప్పటికీ ఈయనతో మాట్లాడదు. (దానికి మాత్రం ఆధారాలు బోలెడు.)

ఇంత కరుకు మనిషీ చర్చ పేజీలోకి వెళ్తే వేరే మనిషి. అన్నమయ్యకు దక్కని "గారు" అక్కడ మొహం తెలియని ప్రతివాడికీ దక్కుతుంది. పైగా కోపం పెరిగేకొద్దీ మర్యాద పెరుగుతుంది. "గమనించగలరు" అన్నారంటే తేడా వచ్చిందని. "సహృదయంతో అర్థం చేసుకోగలరు" అన్నారంటే పళ్లు నూరుతున్నారని. "మీ కృషి అభినందనీయం, కానీ" అని మొదలైతే అవతలాయన వ్యాసం తొలగింపు ప్రతిపాదన దాకా వెళ్లినట్టే.

ఆయన్నీ ఆ నియమాలు వదల్లేదు, అది చెప్పుకోవాలి. వాళ్ల ఊరి చెరువు తవ్వించింది వాళ్ల ముత్తాత. ఊళ్లో అందరికీ తెలుసు. కానీ అచ్చులో ఎక్కడా లేదు, వికీలో సొంత పరిశోధన చెల్లదు. ఓరోజు ఉండబట్టలేక రాసేశారు, సాయంత్రానికి మనసొప్పక తానే కొట్టేశారు. చివరికి జిల్లా ఎడిషన్ విలేకరిని ఇంటికి పిలిచి, ఉప్మా పెట్టి, కథంతా చెప్పారు. వార్త వచ్చింది. దాన్నే మూలంగా చూపించి మళ్లీ రాశారు. విలేకరి ముత్తాత పేరు తప్పు వేశాడు. ఇప్పుడు వికీలోనూ ఆ తప్పు పేరే ఉంది. మూలంలో అలాగే ఉంది మరి, ఏం చేస్తారు!

ఇక ఆయన అసలు యుద్ధం 1920లో అమలాపురంలో పుట్టిన ఓ రంగస్థల నటుడి పేజీ మీద. ఆ నటుడు వేసిన వేషాల గురించి అందులో రెండే వాక్యాలున్నాయి, వాటి జోలికి ఎవరూ పోరు. తగువంతా పక్కనున్న సమాచారపెట్టెలో, "జన్మస్థలం" అన్న గడి దగ్గర. ఆయన పుట్టిననాటికి ఆ ఊరున్నది మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో. 1925లో అది తూర్పు గోదావరి అయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1956లో ఆంధ్రప్రదేశ్, 2022లో కోనసీమ జిల్లా. పాపం ఆ నటుడు ఒక్కసారే పుట్టాడు. పుట్టిననాటి పేరే ఉండాలంటారు మూలాలరావు గారు. చదివేవాడికి ఆ ఊరు ఇవాళ ఎక్కడుందో తెలియాలి కదా అంటాడు అవతలి వాడుకరి. రెండూ రాస్తే పోలా అని మధ్యలో వచ్చిన మూడో ఆయన మీద ఇద్దరూ కలిసి విరుచుకుపడ్డారు, గడి పొడుగైపోతుందని. ఇన్నాళ్లలో కుదిరిన ఏకాభిప్రాయం అదొక్కటే.

ఒకే పేజీని 24 గంటల్లో మూడుసార్లకు మించి వెనక్కి తిప్పకూడదని వికీపీడియాలో ఒక కట్టడి ఉంది. ఈయన మూడోది తిప్పేసి, ఫోన్లో అలారం పెట్టుకుని పడుకుంటారు. అది బీపీ మాత్ర కోసమని వాళ్లావిడ చాలాకాలం అనుకుంది. ఇదేం పిచ్చండీ అని నేనోసారి అడిగితే ఇంగ్లీషు వికీపీడియా సంగతి చెప్పారు. "స్టార్ ట్రెక్ ఇన్‌టు డార్క్‌నెస్" సినిమా పేరులో "ఇన్‌టు" మొదటి అక్షరం పెద్దబడిలో ఉండాలా, చిన్నబడిలోనా అని అక్కడివాళ్లు 2013 జనవరి దాకా కొట్టుకున్నారట. వాదన 40,000 మాటలు దాటింది. "చూశావా, మనం ఇంకా ఎంత వెనకబడి ఉన్నామో!" అన్నారు, నిజంగానే బాధపడుతూ.

ఆమధ్య విశాఖలో వికీ వాడుకరులు కలుసుకుంటుంటే వెళ్లారు. చర్చ పేజీలో తాను "పెద్దలు, మీకు తెలియనిది కాదు" అంటూ వస్తున్న ఆ అవతలాయన అక్కడ ఎదురుపడ్డాడు. ఇంజనీరింగ్ మూడో ఏడు కుర్రాడు. వంగి కాళ్లకు దణ్ణం పెట్టాడు. భోజనాల దగ్గర పక్కనే నిలబడి ఈయనకు కూర మారు వడ్డించాడు. తిరుగు ప్రయాణం ఇద్దరిదీ ఒకే బండి. తన కింది బెర్తు ఈయనకిచ్చి తాను పైకెక్కాడు.

అనకాపల్లి దాటకముందే పై బెర్తు నుంచి "కోనసీమ జిల్లా" పడింది. కింది బెర్తు దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీలోకి లాగేసింది. తునిలో మళ్లీ అదే. సామర్లకోట వచ్చేసరికి ఇద్దరికీ మూడేసి అయిపోయాయి, ఇక మర్నాటి రాత్రి దాకా ఆ గడి ముట్టుకోవడానికి లేదు. పైనుంచి పులిహోర పొట్లంతో చెయ్యొకటి కిందికి దిగింది.

"తినండి బాబాయి గారూ, మధ్యాహ్నం కట్టించి ఉంచాను."

పొట్లం అందుకుని, ఓ ముద్ద తిని, ఆయన ఎడంచేత్తో చర్చ పేజీ తెరిచారు. దానికి మూడుసార్ల లెక్క లేదు కదా.

"మీ పులిహోర అభినందనీయం, కానీ" అని మొదలుపెట్టారు.