బైండు బాబాయి వీలునామా

డెబ్బై దాటిన తెలుగువాడి ఆస్తి రెండు రకాలు. పిల్లలు నాకంటే నాకని కొట్టుకునేది ఒకటి, నీ దగ్గరే ఉండనీ అంటే నీ దగ్గరే ఉండనీ అని తోసుకునేది ఇంకొకటి. మొదటిదానికి పట్టాదారు పాసుపుస్తకం ఉంటుంది. రెండోదానికి కాలికో అట్ట ఉంటుంది.

ఈ రెండోరకం ఆసామినే మేం బైండు బాబాయి అంటాం. మీకు పెదనాన్న కావచ్చు, మేనమామ కావచ్చు, ఎదురు ఫ్లాటు అంకుల్ కావచ్చు. గుర్తుపట్టడం మాత్రం తేలిక. బ్యాంకులోనో బళ్ళోనో పోస్టాఫీసులోనో చేసి రిటైరై చాలాకాలమై ఉంటుంది. పర్సులో సగానికి విరిచిన బ్లేడు కాగితంలో చుట్టి ఉంటుంది. పేపర్లో మంచి వ్యాసం కనబడితే మనం "బాగుందే" అంటాం. ఆయన "దాచాలి" అంటాడు. చదవడం తర్వాత సంగతి.

ఆ బ్లేడుకి పెద్ద చరిత్రే ఉంది. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి వారపత్రికలు వీధికి ఒక కాపీ వచ్చి పదిళ్ళు తిరిగే కాలంలో, మూలలు నలిగి, మీద సాంబారు మరకతో ఆఖరికి సొంతింటికి చేరిన సంచికని బాబాయి చాప మీద పరిచి, పిన్నులు ఊడబీకి, సీరియల్ పేజీలు మాత్రం కోసేవాడు. సీరియల్ అయిపోగానే మూటగట్టుకుని బైండరు దగ్గరికి పరుగు. పక్కన స్టూలు మీద కూర్చుని పని అయ్యేదాకా కదిలేవాడు కాదు. బైండరు పేజీలని బల్లమీద తాటించి సమం చేసేవాడు, దబ్బనంతో పొడిచి పురికొస గుచ్చేవాడు, మైదాలో మైలతుత్తం వేసి ఉడికించిన జిగురు వేలితో పూసేవాడు. ఆ మైలతుత్తం పాలు తగ్గితే పురుగు పడుతుందని బాబాయి పోరు. చివర్న కట్టరు కింద పెట్టి అంచులు కోయించేవాళ్ళు. పేజీలు ఎగుడుదిగుడుగా ఉంటే ఆ కోతలో నాయిక కన్నీళ్ళు, నాయకుడి జవాబు, ఒక్కోసారి విలన్ ఉత్తరం చివరి వరస కూడా ఎగిరిపోయేవి. ఫరవాలేదు, పుస్తకం నలుచదరంగా వచ్చింది కదా.

అసలు విశేషం ఆ పేజీల వెనక ఉంటుంది. సీరియల్ ముందువైపు, వెనకవైపు ఇంకెవరిదో బతుకు. మాలతీ చందూర్ గారి ప్రమదావనంలో ఎవరో అమ్మాయి అత్తగారి గురించి ప్రశ్న అడుగుతుంది, జవాబు పక్కపేజీలో ఉండిపోయి ఎప్పుడో పొట్లాలకి వెళ్ళిపోయింది. ఇంకోచోట ఒక కథ మొదలవుతుంది. కొత్తల్లుడు రైలు దిగి, రిక్షా మాట్లాడుకుని, అత్తారింటి అరుగు దగ్గర దిగుతాడు. గుమ్మంలో ఎవరూ లేరు. లోపల్నుంచి ఆడవాళ్ళ ఏడుపు. 'తరువాయి 37వ పేజీలో.' ఆ 37వ పేజీ బాబాయి కోసుకోలేదు. అప్పట్నుంచి ఆ అల్లుడు అరుగు మీదే ఉన్నాడు. ముందువైపు సీరియల్లో ఏముందో బాబాయికి ఎప్పుడో మరుపొచ్చింది గానీ, ఈ అల్లుడి సంగతి మాత్రం ప్రతి సంక్రాంతికీ ఒకసారి ఎత్తుతాడు. "పోయింది మామగారంటావా, ఆ పిల్లేనంటావా?"

ఇవిగాక చందమామలు. 1947 జులైలో మద్రాసులో నాగిరెడ్డి-చక్రపాణి గార్లు మొదలుపెట్టిన తొలి సంచికలు దొరకలేదు, ఆ లోటు ఆయనకి బీపీ కింద మారింది. తర్వాతవి సంవత్సరం వారీగా ఉన్నాయి. వడ్డాది పాపయ్య ముఖచిత్రం చిరగకుండా ఉందా లేదా అన్నదాన్నిబట్టి సంచికలకి ఆయన లోలోపల మార్కులు వేసుకుంటాడు. ఇంకా కింద, ట్రంకుపెట్టెలో, వాళ్ళ నాన్నగారి భారతి సంచికలున్నాయి. అంటే ఈయన కూడా ఒకప్పుడు వారసుడే. "మా నాన్న ఇవి నాకిచ్చి పోయాడు" అంటాడు గర్వంగా. ఇవ్వలేదు, పోయాడు, అవి మిగిలాయి. ఈ తేడా ఆయనకి చెప్పేవాళ్ళు ఇంట్లో లేరు. పిన్ని ఉంది గానీ, ఆవిడ చెప్పదలుచుకున్నవాటి వరసలో ఇది చాలా కిందుంది.

కథ ఇలా సాగుతుండగా మోకాళ్ళు అరిగాయి. విజయవాడ సత్యనారాయణపురంలో పెంకుటిల్లు అమ్మి, అదే ఊళ్ళో మూడో అంతస్తులో రెండు పడగ్గదుల ఫ్లాటులోకి మారారు. ఇంటితోపాటు అటక పోయింది. ఇప్పుడు పుస్తకాలు దివాన్ కింద, బీరువా పైన, బాల్కనీలో వాషింగ్ మెషీన్ పక్కన, దేవుడి గూట్లో కింది అరలో ఉన్నాయి. వేపాకు, వసకొమ్ము, కలరా ఉండలు అన్నీ వేశారు కనక ఆ ఇంట్లో కాఫీ తాగితే కాఫీ కూడా దాచిపెట్టి తీసినట్టుంటుంది. పురుగు పట్టలేదు. కాగితమే తనంతట తను పోతోంది. న్యూస్‌ప్రింటు చెక్కగుజ్జుతో చేసిన చవక సరుకు, వెలుతురూ గాలీ తగిలేకొద్దీ పసుపెక్కి, ఆపైన ఇటుకరంగుకి తిరిగి, పేజీ తిప్పితే అంచు అప్పడంలా విరుగుతుంది. ఒక నవల చదివి లేచేసరికి ఒళ్ళో దోసెడు పొడి ఉంటుంది. అది కూడా దులిపెయ్యడు, ఏదైనా అక్షరం ఉందేమోనని చూస్తాడు.

డల్లాస్ నుంచి అబ్బాయి ప్రతి ఆదివారం వీడియో కాల్లో ఒకే మాట: "నాన్నా, ఆ పుస్తకాల సంగతి ఏదో ఒకటి తేల్చండి." "నువ్వు తీసుకెళ్ళరా." "రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు నాన్నా. ఆవకాయ, గోంగూర, కందిపొడి, దాని చీరలు పోను మీ సాహిత్యానికి ఎంత మిగులుతుందో మీరే లెక్కెయ్యండి." బాబాయి నిజంగానే లెక్కేశాడు. ఆవకాయ మానేస్తే పద్ధెనిమిది నవలలు పడతాయని తేలింది. కోడలు ఫోన్ పెట్టేసింది.

తేల్చడంలో మొదటి మెట్టు జాబితా. పొడుగు నోటుపుస్తకం కొని, స్కేలుతో గళ్ళు గీసి, నంబరు, పేరు, పత్రిక, సంవత్సరం, స్థితి అని శీర్షికలు పెట్టాడు. మొదటి పుస్తకం తీశాడు. 'స్థితి' రాయాలంటే తెరవాలి కదా. తెరిచినవాడు చదవకుండా ఎలా ఉంటాడు? వారం తర్వాత వెళ్ళి చూస్తే రెండో నంబరు దగ్గర ఉన్నాడు. "పని చురుగ్గా సాగుతోంది" అన్నాడు.

ఇక్కడ పిన్ని సంగతి ఒకటి చెప్పకపోతే పాపం. ఆవిడకీ ఒక సేకరణ ఉండేది, బొమ్మల కొలువు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న కొండపల్లి దశావతారాలు, అంబారీ ఏనుగు, ఏటికొప్పాక లక్కపిడతలు, తొమ్మిది మెట్ల సరుకు. ఫ్లాటులోకి మారిన ఏడాది సంక్రాంతికి పేరంటం పిలిచి, వచ్చిన ప్రతి ఆడపిల్లకీ పసుపు కుంకుమ, తాంబూలం, ఒక బొమ్మ చేతిలో పెట్టి పంపేసింది. వామనావతారం పై ఫ్లాటు పాపకి, కూర్మం వాచ్‌మన్ మనవరాలికి. దశావతారాలు విడిపోయాయే అని బాబాయి లబలబలాడితే, "అవి ఎప్పుడు కలిసొచ్చాయి? ఒక్కోటి ఒక్కో కాలంలో వచ్చింది" అంది. ఏనుగు మాత్రం అట్టేపెట్టుకుంది. ఎందుకని అడిగితే, "అదంటే నాకిష్టం" అంది. అంతే. దానికి జాబితా లేదు.

బాబాయికి అలా కుదరదు. గ్రంథాలయానికి వెళ్ళాడు. "ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నవాణ్ణి" అని మొదలుపెట్టాడట. లైబ్రేరియన్ మంచివాడు, కుర్చీ వేసి గోడు చెప్పుకున్నాడు. ఒకసారి రిజిస్టర్లో ఎక్కితే దాన్ని కాపాడే పూచీ తనది, బదిలీ అయితే లెక్క అప్పజెప్పాలి, ఒకటి తగ్గితే ఆడిట్ వాళ్ళు రాస్తారు; పైగా వచ్చేవాళ్ళంతా గ్రూప్ పరీక్షల కుర్రాళ్ళు, వాళ్ళకి కావలసింది కరెంట్ అఫైర్స్. "ఇవీ ఒకప్పుడు కరెంట్ అఫైర్సే" అని బాబాయి లేచి వచ్చేశాడు. తర్వాత వేటపాలెం సారస్వత నికేతనం. 1918 నాటి గ్రంథాలయం, పాత పత్రికలకి పెట్టింది పేరు. అక్కడ సరుకు చూసి మహదానందపడి, తిరుగు రైల్లో మాత్రం మాట్లాడలేదు. విషయం రాత్రి భోజనాల దగ్గర బయటపడింది. "అక్కడిస్తే అన్నిట్లో కలిసిపోతాయోయ్."

"హైదరాబాద్‌లో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది కదా బాబాయ్?" అన్నాను.

"2000 ఆగస్టు వరదలో అక్కడ పుస్తకాలు తడవలా?"

"మొన్న 2024లో బుడమేరు మన సింగ్‌నగర్‌ని ముంచలా?" అంది పిన్ని వంటింట్లోంచి.

"మనది మూడో అంతస్తు."

"అయితే నాలుగో అంతస్తున్న లైబ్రరీ చూసుకోండి."

అడిగి వచ్చినవాళ్ళు లేకపోలేదు. హైదరాబాద్‌లో కాఫీ హోటల్ పెడుతున్న కుర్రాడు గోడలకి అతికించడానికి చందమామ ముఖచిత్రాలు మాత్రం కావాలన్నాడు. వాడికి కాఫీ కూడా ఇవ్వలేదు. పాత సంచికల వ్యాపారి ఒకాయన మంచి ధరే చెప్పాడు గానీ, ఏరుకుంటానన్నాడు. విశ్వవిద్యాలయం నుంచి ఒక పరిశోధక విద్యార్థిని వచ్చింది. బాబాయి ఆ పిల్లకి ఇడ్లీ పెట్టించి, ఎవరెవర్ని చదివావని గంటసేపు వైవా చేసి, పాసయిందని నిర్ణయించి, ఆమెకి కావలసిన నవల రెండు చేతులతో అందించాడు. ఆ అమ్మాయి నవలని టేబుల్ మీద పెట్టి, ఫోన్‌తో పేజీ పేజీ ఫోటో తీసుకుని, "థాంక్యూ సర్" అని పుస్తకం తిరిగిచ్చి వెళ్ళిపోయింది. దొంగతనం జరిగినా అంత బాధపడేవాడు కాదేమో.

వేసవి సెలవులకి వచ్చిన మనవడు ఇంకో అడుగు ముందుకేశాడు. "తాతయ్యా, నీ చందమామలన్నీ నెట్లో ఉన్నాయి, ఫ్రీ." ఆ రాత్రి బాబాయి నిద్రపోలేదు. తెల్లారేసరికి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి గానీ మొహం వెలిగిపోతోంది. నెట్లో ఉన్న ఒక సంచికలో రెండు పేజీలు ఎగిరిపోయాయట, తనదాంట్లో ఉన్నాయట. కనబడ్డవాళ్ళందరికీ చెప్పాడు. లిఫ్టులో చెప్పాడు. ఆ రెండు పేజీలు స్కాన్ చేసి పంపొచ్చుగా అని మనవడు అంటే వినబడనట్టు ఊరుకున్నాడు. నన్నడిగితే, ఆయనకి కావలసింది ఎదురుగా కూర్చుని "ఇదెక్కడ దొరికిందండీ?" అని అడిగే మనిషి. అడిగాక ఒక గంట ఓపిక పట్టే మనిషి. వేటపాలెంలోనూ ఫోన్‌లోనూ ఆ సదుపాయం లేదు.

ఆఖరికి వీలునామా రాద్దామన్నాడు. స్నేహితుడైన ప్లీడరు గారు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదనీ, తెల్లకాగితం చాలనీ, ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం ఉండాలనీ చెప్పాడు. తెల్లకాగితం ఈయనకి ఆనలేదు, స్టాంపు పేపరే తెప్పించాడు. సాక్షిగా నన్ను పిలిచాడు కనక నేను చదివాను. ఫ్లాటు, డిపాజిట్లు, పిన్ని బంగారం కలిపి నాలుగు వరసలు. పుస్తకాలు ఆరు పేజీలు. సెట్లు విడదీయరాదు, కాటా వేయరాదు, లామినేషన్ చేయించరాదు, అడిగినవారికి చూపవలెను గాని ఇంటికి ఇవ్వరాదు. అన్నిటికన్నా గొప్పది షెడ్యూలు 'బి', 'రావలసిన పుస్తకములు'. 1978 నుంచి అరువు పట్టుకెళ్ళి ఇవ్వనివాళ్ళ పేర్లు, పుస్తకాల పేర్లు, తీసుకున్న తేదీలు. తోడల్లుడి పేరు మూడు చోట్ల ఉంది. వీటిని వసూలు చేసుకునే హక్కు కుమారుడికి సంక్రమిస్తుందట. కింద చూద్దును కదా, పదకొండో నంబరు నేనే. సంతకం పెట్టి వచ్చేశాను, పుస్తకం సంగతి ఇద్దరం ఎత్తలేదు.

ఇంతలో ఊళ్ళో ఒక తప్పుడు వార్త పాకింది. ఫలానా ఆయన పాత పుస్తకాలకి ఏదో ఏర్పాటు చేస్తున్నాడట అని. మనలో మాట వినడం సగం, చెప్పడం ఒకటిన్నర. 'తన పుస్తకాలకి' అన్నది దారిలో రాలిపోయింది. ఒక ఉదయం కింద ట్రాలీ ఆటో ఆగింది. గవర్నరుపేటలో ఈయనలాంటివాడే ఒకాయన కాలం చేశాడు. ఆయన భార్య, కిలో 12 రూపాయలకి తూకం వేస్తానన్న పాత పేపర్లబ్బాయిని వెనక్కి పంపి, "ఆయన ప్రాణం పెట్టుకున్నవి బాబూ, మీ చేతిలో పెడితే నాకు నిశ్చింత" అని చీటీ రాసి, మొత్తం సరుకు పంపించేసింది. ఎనిమిది బస్తాలు. పిన్ని గుమ్మానికి అడ్డంగా నుంచుంది. "వెనక్కి పంపండి" అంది.

"పంపుతా. ఒక్కటి చూసి పంపుతా."

ఆ ఒక్కటీ చూస్తుండగానే ఆటోవాడు ఎనిమిది బస్తాలూ పైకి మోసేసి, కిరాయి పిన్ని దగ్గరే పుచ్చుకుని వెళ్ళాడు. గవర్నరుపేట ఆయన కూడా అదే పత్రిక కొనేవాడు, అవే సంవత్సరాల్లో. కాకపోతే ఆయన కోసుకున్న సీరియల్ వేరు. మధ్యాహ్నం రెండింటికి, అన్నం పెట్టిన కంచం పక్కకి జరిపి, బాబాయి ఒక బైండు తిరగేసి వెనకవైపు చదువుతున్నవాడు కాస్తా కేక పెట్టాడు. ఏమైందోనని పిన్నీ నేనూ పరిగెత్తాం. వేలు పెట్టి చూపిస్తున్నాడు, నోట మాట లేదు. 37వ పేజీ.

సరిగ్గా అప్పుడే డల్లాస్ ఫోన్ మోగింది. పిన్ని ఎత్తింది.

"ఏమ్మా, తేలిందా?"

"తేలిందిరా" అంది పిన్ని, బస్తా మీద కూర్చుంటూ. "ఎవరూ పోలేదుట. అల్లుడొస్తున్నాడని అత్తగారూ పిల్లలూ కూర్చుని పకోడీలకి ఉల్లిపాయలు తరుగుతున్నారుట."