చిరునామా లేని దయ్యం

మన దయ్యాలు మర్యాదస్తులు. వాటికో ఇల్లూ వాకిలీ ఉంటాయి. 'అరుంధతి' (2009)లో పశుపతి గద్వాల కోటలో సమాధై ఉంటాడు. 'చంద్రముఖి' (2005) తలుపు తియ్యొద్దన్న గదిలో ఉంటుంది. మనం గద్వాల బస్సెక్కకుండా, ఆ గడియ ముట్టకుండా ఉంటే చాలు, నూరేళ్ళు చల్లగా బతికేయొచ్చు. పైగా చిరునామా ఉన్న దయ్యానికి పోనుపోనూ పరువు కూడా మిగలదు. 'అరుంధతి' తీసిన బనగానపల్లె నవాబు బంగళాకి, యాగంటి దర్శనానికి వచ్చినవాళ్ళు పిల్లాపాపలతో వెళ్ళి సెల్ఫీలు దిగుతున్నారు. పశుపతి చూస్తే రెండోసారి చచ్చిపోతాడు.

రాంగోపాల్ వర్మ ఈ మర్యాద కొంత చెడగొట్టాడు. 'రాత్రి' (1992)లో దయ్యాన్ని మామూలు సంసారుల ఇంట్లో పెట్టాడు, 'భూత్' (2003)లో ముంబయి ఫ్లాట్‌కి ఎక్కించాడు. అయినా ఫరవాలేదు, ఇల్లు ఖాళీ చేయొచ్చు. అడ్వాన్సు తిరిగి రాబట్టడమే కష్టం. ఆ విషయంలో ఓనరు ముందు ఏ దయ్యమైనా దిగదుడుపే.

అసలు ద్రోహం చేసింది అమెరికావాడు, వెస్ క్రేవెన్. 1984లో వచ్చిన 'ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్'లో ఆయన ఫ్రెడ్డీ క్రూగర్‌కి ఇల్లే ఇవ్వలేదు. కాలిన మొహం, ఎరుపు ఆకుపచ్చ చారల స్వెట్టరు, వేళ్ళకి కత్తులు. కాపురం మన నిద్రలో. కన్ను మూస్తే వస్తాడు, కలలో పొడిస్తే మంచం మీద నిజంగానే పోతాం. చిన్నప్పటినుంచీ మనకున్న ఏకైక రక్షణ దుప్పటి. తల మీదుగా కప్పుకుంటే ఎంతటి దయ్యమైనా వెనక్కి తిరగాల్సిందేనని మనందరి నమ్మకం. ఫ్రెడ్డీ వచ్చేదే దుప్పటి లోపలికి! జానీ డెప్‌కి అది తొలి సినిమా. పాపం, పడుకున్న మంచమే అతన్ని మింగేస్తుంది.

నేనిది హాస్టల్లో, అద్దె సీడీలో చూశాను. ఆ రాత్రి లైటు తీసే ధైర్యం ఎవడికీ లేదు. చీకట్లో కాదు, వెలుగులోనే పక్క మంచం నుంచి గొంతు వినపడింది.

"ఒరేయ్, పడుకున్నావా?"

"లేదురా."

"పడుకుంటే చెప్పు."

బాత్రూముకి నలుగురం కలిసి వెళ్ళాం. నలుగురికీ ఒకేసారి అవసరం ఎలా వచ్చిందని వార్డెన్ అడిగితే మెస్సు సాంబారు మీదికి తోసేశాం.

క్రేవెన్‌కి ఈ ఊహ ఊరికే రాలేదు. ఆగ్నేయాసియా యుద్ధాల నుంచి పారిపోయి అమెరికా చేరిన శరణార్థుల్లో కొందరు యువకులు నిద్రలోనే చనిపోయారని పత్రికల్లో చదివాడట. అక్కడ మాత్రం నవ్వడానికేమీ లేదు. పేరు సంగతి వేరు. బడిలో తనను ఏడిపించిన కుర్రాడి పేరే దయ్యానికి పెట్టానని ఆయనే చెప్పుకున్నాడు. మన దర్శకులు కూడా ఈ పద్ధతి పట్టుకుంటే తెలుగు దయ్యాల్లో సగానికి లెక్కల మాస్టార్ల పేర్లే ఉంటాయి.

చూడాలనుకుంటే పగలే చూడండి. ఆదివారం మధ్యాహ్నం ముద్దపప్పు, ఆవకాయ తిన్నాక మాత్రం పెట్టకండి. అరగంటలో నిద్ర ముంచుకొస్తుంది.