చిల్లర తెచ్చుకోండి

మా బావగారికి పాత ఊళ్ల పిచ్చి. కాశీ, మదురై అయ్యాయి. నేపాల్ వెళ్లి భక్తపూర్‌లో కుమ్మరులు నడివీధిలో కుండలు ఆరబెట్టుకోవడం కూడా చూసొచ్చారు. మొన్న వేసవిలో చర్లలో ఉన్న నా మీద దయ తలిచారు.

దారిలో భద్రాచలం గుడి చూపించాను. "పదిహేడో శతాబ్దమేనా?" అని పెదవి విరిచారు. సర్కారు సొమ్ముతో గుడి కట్టాడని గోపన్నను గోల్కొండ చెరలో వేశారు కదా. ఇప్పుడు ఏటా శ్రీరామనవమికి ముత్యాల తలంబ్రాలు పంపేదీ సర్కారే. ఆడిట్ అభ్యంతరం ఇంత అందంగా తీరిన ఫైలు ఇంకోటి నాకు తెలీదు.

చర్ల రోడ్డెక్కామో లేదో, కోయ ఆడవాళ్లు అడ్డంగా వెదురుబొంగు పట్టుకుని రేల పాట అందుకున్నారు. బావగారు దర్జాగా అద్దం దించి, "ఫాస్టాగ్ ఉందమ్మా!" అన్నారు. పాట ఇంకా హుషారెక్కింది. అందులో ఆయన పొట్ట ప్రస్తావన ఉన్నట్టు నాకు అర్థమైంది గానీ, చుట్టరికం చెడుతుందని చెప్పలేదు.

అది భూమి పండుగ. విత్తనం వేసే ముందు చేస్తారు. మగవాళ్లు వేటకు పోతే, ఆడవాళ్లు దారి కాసి పండుగ డబ్బులు వసూలు చేస్తారు. ఉత్త చేతులతో తిరిగొచ్చిన మగాడికి పేడనీళ్ల స్వాగతం ఉండేదట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నేరం చేసింది గానీ, పేడనీళ్ల జోలికి పోలేదు.

బావగారి దగ్గర అయిదొందల నోటే ఉంది. చిల్లర వాళ్ల దగ్గరా లేదు. "ఫోన్‌పే?" అన్నారు ఆశగా. ఒకమ్మాయి నవ్వి, సిగ్నల్ దొరికే గుట్ట చూపించింది. ఎండ చూసి, నోటు ఇచ్చేశారు.

సంతలో ఎండబెట్టిన ఇప్పపువ్వు, చింతపండు, చీపుర్లు. ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి అడవి దాటి వచ్చినవాళ్లూ ఉన్నారు. బావగారు ఇప్పపువ్వు కిలో ఎంతన్నారు. అమ్మే అవ్వ సోల చూపించింది. సోలకు ఎన్ని గ్రాములని ఆయన, ఎన్ని సోలలు కావాలని ఆవిడ. ఈ చర్చ చాలాసేపు నడిచింది. అవ్వే గెలిచింది. తెల్లారకముందే చెట్ల కింద ఒక్కో పువ్వూ ఏరుకున్న మనిషితో బేరమాడటం మా బావగారి తరమా!

మామిడికాయల సంగతీ చెప్పాను. కొత్త పండుగ చేసి దేవుడికి పెట్టనిదే ఇక్కడివాళ్లు కాయ కొరకరు. "ఎవరు చూస్తారయ్యా?" అన్నారు. చూసేవాళ్ల కోసం చేసేదైతే టికెట్ పెట్టేవాళ్లు కదా, బావగారూ!

మీరూ రండి. ఫొటో తీసేముందు అడగండి. భూమి పండుగ రోజుల్లో వస్తే మాత్రం, జేబు నిండా పది రూపాయల నోట్లు తెచ్చుకోండి.